పస పోయిన నూనె

మా మావ వరహాలు చూపు మందగించిన సంగతి ఇంట్లో వాళ్ళకంటే ముందు జెట్టీ గోడకు తెలిసింది. ఏప్రిల్ నడిమిలో చేపల వేట నిషేధం మొదలవుతుందనగా, ఆఖరి వేట ముగించుకుని బోటును హార్బరులోకి తెస్తూ, ఎన్నడూ లేనిది, గోడను రాసుకుపోయాడు. పక్క చెక్కలు లేచిపోయాయి. బోటులో పనిచేసే కళాసీలు, ఐసు పెట్టెల మీద కూర్చున్నవాళ్ళు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, మావ పరువుకు తప్ప.

మావ ఆ బోటుకు సరంగు. చుక్కాని పట్టి నడిపేది సరంగే. వల ఎక్కడ వేయాలన్నా, ఎప్పుడు వెనక్కి తిరగాలన్నా ఆయన మాటే మాట. నాకు ఆయన పెళ్ళితో మావ కాలేదు, మా అమ్మకు సొంత అన్న. భీమిలిలో పుట్టి పెరిగిన నన్ను ఆ మాఘమాసంలోనే ఆయన కొడుకు దుర్గారావుకు ఇచ్చి చేశారు. కోడలిగా ఆ ఇంట్లో నాకు మొదటి వేసవి అది. మగవాళ్ళు వేట లేక రెండు నెలలు ఇంటి పట్టునే ఉండే వేసవి.

మర్నాడు పొద్దున్నే బోటు ఓనరు గవర్రాజు వచ్చాడు. అరుస్తాడనుకున్నాం. అరవలేదు. అందుకే భయం వేసింది. అత్త గంగాలమ్మ ఇచ్చిన టీ పక్కన పెట్టి, "వరహాలూ, ఈ రెణ్ణెల్లలో కళ్ళు బాగు సేయించుకో. బోటు మళ్ళీ సముద్రంలోకి దిగిన్రోజుకి నీకు సూపుంటే సుక్కాని నీదే. నేదంటే అప్పలసూరి పడతాడు," అన్నాడు.

"నా సూపుకేటయింది? ఎదురెండ కొట్టింది," అన్నాడు మావ.

"ఎండ అందరికీ కొడతాది. పదిమందిని నీ సేతిలో ఎట్టి పంపాలి నాను. ఆళ్ళ ఆడోళ్ళకి నానేటి సెప్పుకోవాలి?"

టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. అప్పలసూరి మావ దగ్గర పని నేర్చుకున్నవాడే. మంచివాడు కూడా. చెడ్డవాడైతే తిట్టుకునైనా కాలక్షేపం చేసేవాళ్ళం.

కంటి ఆసుపత్రిలో రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయన్నారు. ఆపరేషన్ చిన్నదేనట. కానీ రక్తంలో షుగరు మూడొందలు దాటి ఉంది, అది రెండొందల లోపుకు దిగితే తప్ప చేయం అన్నారు. మావకు షుగరు ఉందని మాకు తెలియకపోలేదు. పేటలో చాలామందికి ఉన్నట్టే ఆయనకూ ఉందనుకుని ఊరుకున్నాం. ఆయన వేసుకునేది ఒక మాత్ర, వేటకెళ్ళినప్పుడు అదీ ఇంట్లోనే ఉండిపోయేది.

షుగరు డాక్టరు పేరు యశస్విని. వయసులో నాకంటే కాస్త పెద్దది, అంతే. మావను తూకం ఎక్కించి, ముల్లు వంద దగ్గర ఆగడం చూసి, మాత్రలు మార్చి రాసింది. అన్నం సగానికి తగ్గించమంది, నడవమంది. అవన్నీ మేం ఎదురుచూసిన మాటలే. ఆ తర్వాత అత్త వైపు తిరిగి ఎదురుచూడని ప్రశ్న వేసింది.

"ఇంట్లో వంటకి నెలకి ఎంత నూనె అవుతుందమ్మా?"

"ఎంతయితే అంత," అంది అత్త.

"ఏ నూనె?"

"పామాయిలు. బండికీ అదే, ఇంటికీ అదే."

అత్తకు బీచ్ రోడ్డు మీద చేపల వేపుళ్ళ బండి ఉంది. సాయంత్రాలు పెడుతుంది. ఆ సంగతి నేను చెప్పాను.

"నూనెలో పంచదార నేదు గదమ్మా, సుగరికీ నూనెకీ ఏటి?" అనడిగింది అత్త. నాకూ అదే అనుమానం.

"పంచదార ఉండదు. కానీ ఒళ్ళు పెంచేదాంట్లో నూనెని మించింది లేదు. ఒళ్ళు పెరిగేకొద్దీ మాత్ర పని చెయ్యదు. పామాయిలూ డాల్డా బాగా తగ్గించెయ్యండి. వేరుశనగ నూనె, నువ్వుల నూనె, తవుడు నూనె, వీటిని మార్చి మార్చి వాడండి. ఏది వాడినా మనిషికి నెలకి అరలీటరు దాటకూడదు. చేపలు మంచివే, తినండి. వేపుడు మాత్రం వద్దు."

అత్త నవ్వు ఆపుకోలేకపోయింది. "అరలీటరేటమ్మా? మా ఇంట్లో ఆదివారం నాడు సేపలు తానమాడ్డానికి సాలదు."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఆయనకి కళ్ళు కావాలా, వద్దా?" అంది. అత్త నవ్వు అక్కడ ఆగిపోయింది.

ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావుడి అంటారు. మావకు నూనె మార్చాలన్న కబురు పేటలో పాకగానే వచ్చినవాళ్ళందరూ తలో నూనె చెప్పారు. పక్కింటి రాణి ఫోన్‌లో ఎవరో చెప్పగా విందట, పొద్దున్నే కొబ్బరి నూనె గ్లాసెడు తాగి అన్నం మానేస్తే షుగరు పారిపోతుందంది. మావ వాసన చూసి, "తలకి రాసుకునీది నోట్లో పోత్తారేటే?" అని గ్లాసు వెనక్కిచ్చాడు. ఒకాయన నెయ్యి తినమన్నాడు. స్టీలు ప్లాంటులో పనిచేసే ఒరిస్సావాళ్ళు ఆవనూనె తప్ప ముట్టరనీ, వాళ్ళకు షుగరే రాదనీ ఇంకొకాయన చెప్పాడు. తవుడు నూనె అనగానే అత్త మూతి తిప్పింది. "తవుడు గేదెలికెడతారు గాని సరంగుకెడతారేటి?"

మా బావ, అంటే నా మొగుడు దుర్గారావు, బజారుకు వెళ్ళి ఖరీదైన ప్యాకెట్ ఒకటి తెచ్చాడు. దాని మీద ఎర్రగా గుండె బొమ్మ ఉంది. "ఇది ఎంత తిన్నా ఏటీ అవ్వదంట," అన్నాడు.

"ఎవులు సెప్పేరు బావా?"

"గుండె బొమ్మ ఎందుకేసేరు మరి?"

డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగాను. బొమ్మ ఏదైనా నూనె నూనేనని, గుండె బొమ్మ చూసి చెంచా ఎక్కువ పోస్తే మంచి నూనె కూడా చెడే చేస్తుందని చెప్పింది. ఆ మాట అత్త శ్రద్ధగా వింది. ఆవిడకు తన సంగతి తెలుసు. ఆవిడ చేతిలో సీసా వంగిందంటే మళ్ళీ లేవడం దాని ఇష్టం. మగవాడు వారం, పదిరోజులు ఉప్పునీళ్ళ మధ్య గడిపి ఇల్లు చేరితే, మొదటి ముద్ద నూనెలో మెరవాలని మా వాళ్ళలో ఒక పట్టింపు. పులుసు మీద నూనె తేలలేదంటే ఆ ఇంటి ఆడదానికి మొగుడు తిరిగొచ్చిన సంతోషం లేదని అర్థం. అత్త పులుసులో ముప్ఫై ఏళ్ళుగా ఆ సంతోషం వేలు మందాన తేలుతూనే ఉంది.

ఆ సాయంత్రం బండికి వెళ్ళబోతూ అత్త నన్ను పిలిచింది. "ఒలే ధనా, నా సేయి నా మాటినదు. ఈ రెణ్ణెల్లు సీసా నీకాడుంచు. నానడిగినా ఇవ్వకు. నువ్వు కొలిసిచ్చిందే నాను పోత్తాను."

రెండు నెలల కోడలి చేతికి అత్త నూనె సీసా అప్పగించడమంటే చిన్న సంగతి కాదు. వంటిల్లు అప్పగించినట్టే. పేటలో దాని గురించి నాలుగు రోజులు మాట్లాడుకున్నారు. నాకు గర్వంగానే అనిపించింది.

గానుగ దగ్గర వేరుశనగ నూనె తెచ్చాం, అది అయ్యాక నువ్వులది తేవాలనుకున్నాం. రోజూ పొద్దున్నే ఇంటి మొత్తానికి ఆ రోజు నూనె చిన్న స్టీలు గ్లాసులోకి కొలిచి, సీసా నా పెట్టెలో పెట్టేదాన్ని. మధ్యాహ్నం వంట అత్తది, రాత్రి వంట నాది. ఉన్న నూనెను చెరి సగం వాడుకోవాలి.

మొదట్లో మావ కంచం ముందు కూర్చోవడం చూస్తే జాలేసేది. ముద్ద నోట్లో పెట్టుకుని గోడకేసి చూసేవాడు. "ఆసుపత్రిలో సచ్చినోడికెట్టే పిండంలాగుంది," అని ఒకసారి అన్నాడు. అయినా తిన్నాడు. నిషేధం ఇంజను బోట్లకే కాబట్టి, పెద్ద బోట్లన్నీ కట్టేసి ఉన్నా, తెప్పలవాళ్ళు ఒడ్డు దగ్గర వేటాడి కవళ్ళనే చిన్న చేపలు తెచ్చేవారు. కవళ్ళలో కొవ్వు వాటిలోనే ఉంటుంది. చింతపండు పులుసులో పెట్టి సన్నని సెగ మీద ఉంచితే అదే కరిగి పైకి వస్తుంది, నూనె పెద్దగా అక్కర్లేదు. రాగి సంకటి, కవళ్ళ పులుసు, పొద్దున్నా సాయంత్రం నడక. బీచ్ రోడ్డు మీద నిక్కర్లేసుకుని నడిచే ఉద్యోగస్తుల మధ్య లుంగీ ఎగగట్టి మావ నడుస్తుంటే, పోలీసులు ఎవరినో తరుముతున్నారని జనం వెనక్కి తిరిగి చూసేవారు.

కొన్నాళ్ళకు ఆయన ముఖం తేటపడింది. అత్త వండిన పూట రెండోసారి అడిగి వేయించుకునేవాడు. "డాట్రమ్మ సెప్పిన నూనెతో గూడా నీ పులుసు పులుసేనే," అని మెచ్చుకునేవాడు. నేను వండిన పూట మాత్రం మందు తిన్నట్టు తిని లేచేవాడు. అదే గ్లాసు, అదే నూనె, అవే చేపలు. అత్త పులుసు నిగనిగలాడేది, నాది వెలవెలబోయేది. హస్తవాసి అనుకున్నాను. ఒకటి రెండు రోజులు ఆవిడ పక్కన నిలబడి చూశాను కూడా. నేను కొలిచిందే పోసింది. నాకు అసూయగా ఉండేది, అది దాచుకోను.

నెల తిరిగాక మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాం. మావ కొత్త చొక్కా వేసుకున్నాడు. దారిలో ఆటోలో, ఆపరేషన్ అయ్యాక కళ్ళద్దాలు పెట్టుకోవాలా, పెట్టుకుంటే ఉప్పునీళ్ళు పడి పాడవవా అని బావను అడుగుతూనే ఉన్నాడు.

షుగరు కాస్త దిగి అక్కడే ఆగిపోయింది. మావ బరువు తగ్గకపోగా పెరిగింది.

డాక్టరమ్మ కాగితం చూసి, మావను చూసి, చివరికి నన్ను చూసింది. "నూనె కొలిచే వాడుతున్నారా?"

"పిల్లల మీద ఒట్టు మేడమ్," అన్నాను. పిల్లలు ఇంకా పుట్టలేదు.

"అయితే ఈయన బయట తింటున్నారు," అంది తేలిగ్గా. "ఇలా అయితే ఆపరేషన్ ఇప్పట్లో కాదు."

ఇంటికి రాగానే బావ అందుకున్నాడు. "నాన్నా, సాయంత్రం హార్బరు కాడికెల్తన్నావ్ గదా. అక్కడ మిరపకాయ బజ్జీల బండుంది."

"ఉంటే?"

"తింటే తిన్నానని సెప్పు."

మావ అప్పుడే విప్పిన చొక్కా చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు. "నాను బోటు సూసుకోడానికెల్తన్నాన్రా. రంగులేత్తన్నారు. ఆ బండి కాడ నాను నిలబడ్డం గూడా నేదు. గంగమ్మతల్లి మీద ఒట్టు."

"మరి ఒళ్ళెలగ పెరిగింది?"

"నాకేటి తెల్సు? నడిసముద్రంలో పదిమంది నా మాట నమ్మి తొంగుంటారు. ఇంట్లో మీకు నా మాట పనికి రాదేటి?"

అప్పుడు అత్త లేచింది. ఆవిడకు ఏడుపొచ్చినా కోపంగానే వస్తుంది. "నానూ ఈ గుంటా సుక్క సుక్క కొలుత్తంటే నువ్వెల్లి బజ్జీలు మెక్కుతావా? నోరు కట్టుకోనేనోడికి కళ్ళేల? సుక్కానేల?"

మావ చొక్కా చిలక్కొయ్యకు తగిలించి బయటికి వచ్చి గుమ్మం మీద కూర్చున్నాడు. ఆ తర్వాత హార్బరు వైపు వెళ్ళడం మానేశాడు. నడక కూడా మా వీధిలోనే, ఆ చివర నుంచి ఈ చివరకు. మిగతా పొద్దంతా గుమ్మం మీదే, దారిన పోయే ప్రతివాడికీ కనబడేలా. తన మీద తానే కాపలా కూర్చున్నాడు. నాకు అది చూడటం కష్టంగా ఉండేది. కానీ నేనూ ఆయన మాట నమ్మలేదు. లెక్క ప్రకారం నమ్మడానికి వీల్లేకపోయింది.

ఒకరోజు అప్పలసూరి వచ్చి గుమ్మం కింద మెట్టు మీద కూర్చున్నాడు. సిగ్గుపడుతూ, నీళ్ళ కింద రాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో, వల ఎక్కడ చిరుగుతుందో అడిగాడు. మావ ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు. అతను వెళ్ళాక బావ గొణిగితే, "సెప్పకపోతే వల సిరుగుతాది. వలేటి పాపం సేసింది?" అన్నాడు.

ఆ వారంలోనే అత్తకు మోకాలు వాచింది. బండి తోయడానికి సాయంగా నేను వెళ్ళాను. అంతవరకూ బండి దగ్గర నాకు పని పడలేదు. అత్త మూకుడు ముందు కూర్చుంటే చూడ్డానికి పండగలా ఉంటుంది. ఒక చేత్తో చేప ముక్కలకు కారం పట్టిస్తూ, ఇంకో చేత్తో తిప్పుతూ, వచ్చినవాళ్ళతో వేళాకోళాలాడుతూ, ఎవరికి ఏ ముక్క ఇష్టమో చెప్పకుండానే వేసి ఇస్తుంది. జనం పలచబడ్డాక స్టవ్ ఆపేసి, నూనె కాస్త చల్లారనిచ్చి, గిన్నె మీద పాత గుడ్డ పరిచి మూకుడు వంచింది. నల్లటి నూనె గుడ్డలోంచి సన్నగా కారింది. రోజూ ఇంటికి వచ్చి పొయ్యి గట్టు కింద పెట్టే గిన్నె అదే. బండి సామాను కదా అని నేనెప్పుడూ మూత తీసి చూడలేదు.

"రేపు మళ్ళీ ఇందులోనే వేపుతావా అత్తా?" అనడిగాను.

"కొంత కొత్త నూనెలో కలుపుతాను. కొంత ఇంటికి. మీ మావ పులుసుకి."

నేను చేతిలో ప్లేట్లు కింద పెట్టాను. "మావ పులుసుకా?"

"మరి? నువ్విచ్చిన సెంచాడు నూనె ఆవాలికి సరిపోద్ది. పులుసు దించినాక ఇది గరిటెడు పైన పోత్తాను. నువ్వు బట్టలు తడపడానికెల్లినప్పుడు." ఆవిడ గొంతులో దొంగతనం లేదు. తన తెలివి చెప్పుకుంటున్న సంతోషం ఉంది. "నీకు తెల్దు గాని, ఇది నూనె కాదే. దీని పసంతా ఈ సేపల్లోకి పోనాది. ఊరోళ్ళందరూ దీని బలం తినేసేరు. మిగిలింది పిప్పి. సెరుకు పిప్పిలో తీపుంటాదేటి? రంగుకీ వాసనకీ పనికొత్తాది, ఒంటికి పట్టదు. అందుకే మీ మావకి కొత్త నూనె తగ్గించీసి ఇది పోత్తన్నాను. ఆయన నోరు సప్పగా ఉందని ఏడుత్తంటే సూళ్ళేకపోనాను."

హస్తవాసి అనుకున్నది ఇదన్నమాట. అరగంట క్రితం ఆ మూకుడు చుట్టూ ఎంతమంది నిలబడి తిన్నారో కళ్ళ ముందే ఉంది. ఆవిడ చెప్పిన లెక్కలో తప్పు ఎక్కడుందో చెప్పకుండా ఉండలేను, చెప్తే ఏమవుతుందో తెలుసు. సముద్రం వైపు తిరిగి చెప్పాను.

"అత్తా, పిప్పి కాదు. వేపినంత మాత్రాన నూనె బలం పోదు. ఒంటికి పట్టేదంతా అందులోనే ఉంటాది. కాగిన కొద్దీ చెడుతుంది గూడాను. పామాయిలు వద్దని డాక్టరమ్మ నీ ముందే చెప్పింది. కాచిన నూనె మళ్ళీ కాచొద్దని గూడా ఆవిడ రాసిచ్చిన కాగితంలో ఉంది. మనింట్లో అది లేదు గదాని నేను నీకు చదివి చెప్పలేదు."

"ఒంటికి పడతాదా?"

"పడతాది."

అత్త గిన్నె మీద మూత పెట్టింది. మూత సరిగ్గా కూర్చోకపోతే తీసి మళ్ళీ పెట్టింది.

"అయితే నానే పోసేనా?" అంది.

బండి ఇద్దరం తోసుకుంటూ ఇంటికి వచ్చాం. మోకాలి నొప్పి మాట ఆవిడ ఎత్తలేదు. వీధి మొదట్లో ఆగి, "నువ్వు నోరెత్తకు. నానే సెప్తాను," అంది.

ఎప్పుడు చెప్పిందో, ఎలా చెప్పిందో నాకు తెలియదు. మర్నాడు మావ మామూలుగానే గుమ్మం మీద కూర్చున్నాడు. బావతో కూడా ఆ ప్రస్తావన రాలేదు. మారింది అత్త. చేపలు తెచ్చి, శుభ్రం చేసి, ముక్కలు కోసి వంటింటి గడప దగ్గర పెట్టేది, గడప దాటి లోపలికి వచ్చేది కాదు. "వండత్తా," అంటే, "నా సేయి మంచిది కాదే," అనేది. బండి మీద వేపుళ్ళు సగం తగ్గించి, పెనం మీద కాల్చిన కానాగంత చేపలు పెట్టింది. మిగిలిన నూనె ఇంటికి తేవడం లేదు. కొనేవాళ్ళు కొందరు సణిగారు, కొందరు అలవాటు పడ్డారు.

రెండు పూటలా నా వంటే. మావ మారు మాట్లాడకుండా తినేవాడు. నడుం దగ్గర లుంగీ ముడి వదులైంది. షుగరు దిగడం మొదలుపెట్టింది, మెల్లగా, పెళ్ళికూతురు మెట్లు దిగినట్టు. జూన్ మొదట్లో డాక్టరమ్మ కాగితం చూసి మొదటిసారి నవ్వింది. కంటి ఆసుపత్రివాళ్ళు ఆపరేషన్‌కు రోజు ఇచ్చారు. అది నెలాఖరులో పడింది. నిషేధం నెల మధ్యలోనే ముగుస్తుంది. ఆ రెండు వారాల తేడా ఎక్కడినుంచి వచ్చిందో ఇంట్లో అందరికంటే అత్తకు బాగా తెలుసు.

బోటు దిగే రోజు జెట్టీ మీద ఇసుక వేస్తే రాలనంత జనం. బోట్లకు పసుపు రాసి, ఎర్రగుడ్డలు కట్టి, గంగమ్మకు కొబ్బరికాయలు కొడుతున్నారు. మా బోటు కొత్త రంగులో ఉంది. కళాసీగా బావ ఎక్కేశాడు. అప్పలసూరి ఎక్కబోతూ వెనక్కి వచ్చి మావ కాళ్ళకు దండం పెట్టాడు. "ఎల్రా, గాలి బాగుంది," అన్నాడు మావ. ఆయన గొంతు మామూలుగానే ఉంది, చేతులే ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కదులుతున్నాయి.

గవర్రాజు దగ్గరికి వచ్చాడు. నలుగురూ వింటున్నారని చూసుకోలేదు, చూసుకునే అన్నాడేమో కూడా తెలియదు. "ఇంకో రెండువారాల ముందు సుగరు దిగుంటే ఇయ్యాల నువ్వే ఎక్కేవోడివి, వరహాలూ. ఇంట్లో ఇద్దరాడోళ్ళున్నారు. వండిపెట్టినోళ్ళకి బుద్ధుండాలి."

నా ఒళ్ళు మండింది. అత్త తల దించుకుంది.

"ఆళ్ళనెందుకంటావు?" అన్నాడు మావ. "ఆళ్ళు కొలిసే వండేరు. నానే తిన్నాను. హార్బరు కాడ బజ్జీలు. ఇంట్లో తెల్దు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. గంగమ్మ మీద ఒట్టేసి చెప్పిన మనిషి, పొద్దంతా గుమ్మం మీద తనకు తానే కాపలా ఉన్న మనిషి, పేటంతా వింటుండగా ఆ మాటన్నాడు. అత్త ఆయనకు చెప్పేసిందని నాకప్పుడే రూఢి అయింది.

గవర్రాజు ముఖం గట్టిపడింది. "రెణ్ణెల్లు నోరు కట్టుకోనేనోడికి, రేపు కళ్ళొచ్చినా సుక్కాని ఎలగిచ్చీది? ఈ ఏటికే కాదు, అసలుకే ఎలగిచ్చీది?"

మావ ఒక్క క్షణం తడబడ్డాడు. అబద్ధానికి అంత ఖరీదుంటుందని అనుకుని ఉండడు. అయినా వెనక్కి తీసుకోలేదు. "నీ ఇష్టం," అన్నాడు.

అత్త తలెత్తింది. నన్ను పక్కకు నెట్టుకుని ముందుకు వచ్చింది. "అబద్దం. ఈయనేటీ తిన్నేదు. బండి మీద మిగిలిన నూనె నానే పులుసులో పోసేను. పస పోయిన నూనె, ఏటీ సెయ్యదనుకున్నాను. ఈయన నోరు కట్టుకునే ఉన్నాడు. నానే సెడగొట్టేను."

నవ్వినవాళ్ళు ఎటో చూశారు.

"నిన్నెవులడిగేరే?" అన్నాడు మావ, పళ్ళ బిగువున.

"ఎవులూ అడగనేదు. అందుకే సెప్పేను."

గవర్రాజు భుజం మీద తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. అత్తను ఏమీ అనలేదు. మావతో, "దసరా దాకా అప్పలసూరి నడుపుతాడు. నువ్వు కళ్ళు సేయించుకుని రా. అప్పుడు నా పక్కనెక్కించుకుని సూత్తాను," అని బోటు వైపు వెళ్ళిపోయాడు. ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు.

ఇంజన్లు అందుకున్నాయి. బోట్లు ఒకదాని వెంట ఒకటి కదిలాయి. మా బోటు కదిలేటప్పుడు బావ చెయ్యూపాడు. మావకు ఎంతవరకు కనిపించిందో తెలియదు గానీ, శబ్దం వినబడినంతసేపూ అటే తిరిగి నిలబడ్డాడు. తర్వాత అత్త వైపు తిరిగాడు.

"ఆకలేత్తంది," అన్నాడు.

"ధన పొద్దున్నే వండీసింది. పద, ఎడతాది."

"ధన వంట ఎన్నాళ్ళనించి తింతన్నానో నీకు తెల్సా? నానేటి పాపం సేసేను? ఇయ్యాల నువ్వొండు."

"నా సేతి మీద నాకు నమ్మకం నేదు," అంది అత్త. ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"నాను మళ్ళీ సుక్కాని పడతానని సూత్తన్నాను. నువ్వు గరిటి పట్టలేవేటి?"

అత్త కొంగుతో ముఖం తుడుచుకుని, "తెప్పలొచ్చినట్టున్నాయి. కవళ్ళు దొరుకుతాయేమో సూత్తాను, మీరు పదండి," అని ఒడ్డు వైపు కుంటుకుంటూ నడిచింది.

పదిమందిలో నా వంటను అంత మాటన్నందుకు నాకు కోపం వచ్చిన మాట నిజమే. అయినా ఆ పూట నేను పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు.